బీటీ పత్తిలో చోటు మారే జన్యువులు ఉన్నాయా? గులాబీ రంగు పురుగు మళ్ళీ రావడానికి అవే కారణమా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: మొక్కజొన్నలో ఉన్నట్టే పత్తిలోనూ చోటు మారే జన్యువులు, అంటే ట్రాన్స్‌పోజాన్లు ఉన్నాయని చదివారు. అవి బీటీ జన్యువును, అంటే పురుగును చంపే ప్రోటీన్ కోసం బాక్టీరియా నుంచి తెచ్చి పత్తిలో పెట్టిన జన్యువును, పాడుచేసి ఉంటాయా, మీ ప్రత్తిపాడు చేలల్లో గులాబీ రంగు పురుగు మళ్ళీ తగలడానికి అదే కారణమా అని అడుగుతున్నారు. నేను గుంటూరు దగ్గర ఒక విత్తన కంపెనీ టిష్యూ కల్చర్ (మొక్క కణాలను సీసాల్లో పెంచి మొక్కలు చేసే) ల్యాబ్‌లో కొన్నేళ్లు పత్తి మీదే పనిచేశాను. మా బాబాయి వాళ్లు పెదనందిపాడు వైపు నల్లరేగడిలో పత్తి వేస్తారు. నేను చూసినంతలో, చదివినంతలో మొక్కలో బీటీ జన్యువు ఎక్కడికీ పోలేదు. ట్రాన్స్‌పోజాన్ పాత్ర ఈ వ్యవహారంలో ఉంది గానీ, అది మొక్కలో కంటే పురుగులోనే ఎక్కువ.

ముందు ఒక అపోహ తీసేయాలి. ట్రాన్స్‌పోజాన్లు జన్యుమార్పిడితో వచ్చినవి కావు. బార్బరా మెక్లింటాక్ 1940లలోనే మొక్కజొన్న గింజల మీద రంగు మచ్చలను గమనించి వీటిని కనిపెట్టారు. ఆమెకు నోబెల్ వచ్చింది మాత్రం 1983లో. మన ఇళ్ల ముందు సాయంత్రం పూసే చంద్రకాంతనే చూడండి. పసుపు పువ్వు మీద అక్కడక్కడా ఎర్ర చారలు, చుక్కలు ఉంటాయి. రంగు జన్యువులో దూరి దాన్ని ఆపేసిన ట్రాన్స్‌పోజాన్ ముక్క కొన్ని కణాల్లో బయటికి వచ్చేస్తే అక్కడ ఎరుపు తిరిగి వస్తుంది. గుంటూరు మిర్చి సంగతైతే మరీ ఆశ్చర్యం. మిర్చి జన్యుపదార్థం మొత్తం మనిషి దానికంటే పెద్దది, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా ఇవే. పత్తిలోనూ సగం కంటే చాలా ఎక్కువే. దేశవాళీ పత్తి జన్యుపదార్థం దక్షిణ అమెరికా అడవి పత్తి రైమాండై కంటే దాదాపు రెండింతలు ఉండటానికి ముఖ్య కారణం ఈ ముక్కలు తమను తాము కాపీ చేసుకుంటూ పోవడమే. అదంతా లక్షల ఏళ్లలో జరిగింది. ఇప్పుడు వాటిలో చాలా భాగం మిథైలేషన్ కింద, అంటే డీఎన్ఏకు అంటుకుని జన్యువును ఆపేసే రసాయన గుర్తుల కింద, అణిగి ఉంటాయి.

మరి అవి నిద్ర లేచేది ఎప్పుడు? మొక్క బాగా ఒత్తిడికి లోనైనప్పుడు. టిష్యూ కల్చర్ కంటే పెద్ద ఒత్తిడి మొక్కకు తక్కువే. వరిలో టాస్17 అనే ముక్క దీనికి మంచి ఉదాహరణ. నిప్పన్‌బారే రకం వరిలో అది మామూలుగా రెండే కాపీలు. కణాలను సీసాలో ఎక్కువ కాలం పెంచితే కొత్త కాపీలు పుడతాయి, అలా వచ్చిన మొక్కల్లో 5 నుంచి 30 వరకు కొత్తవి కనిపించాయి. మొక్క తయారయ్యాక మళ్ళీ అణిగిపోతుంది. అంటే జీఎం (జన్యుమార్పిడి చేసిన) మొక్కల్లో ట్రాన్స్‌పోజాన్ కదలిక గురించి ఆందోళన పడాల్సింది పెట్టిన జన్యువు వల్ల కాదు, ఆ జన్యువును పెట్టే దారిలో వచ్చే టిష్యూ కల్చర్ వల్ల. ఈ తేడా చాలామంది చెప్పరు.

పత్తిలో ఇది కళ్ళారా కనిపిస్తుంది. క్యాలస్, అంటే సీసాలో పెరిగే కణాల ముద్ద, మీగడ రంగులో, వేళ్ల మధ్య పొడిపొడిగా విడిపోయేలా ఉంటే దాని నుంచి పిండాలు వస్తాయి. గోధుమ రంగుకు తిరిగి జిగటగా మారిందంటే పారేయాల్సిందే. అన్నీ దాటుకుని కుండీలోకి వచ్చిన మొక్కల్లో కూడా కొన్నింటికి ఆకులు ముడుచుకుంటాయి, కణుపులు దగ్గర దగ్గరగా పడతాయి. పువ్వు విప్పి కేసరాలను వేలితో తాకితే పసుపు పొడి అంటదు, అంటే మగ వంధ్యత్వం. ఇదంతా ట్రాన్స్‌పోజాన్ల పనే అనలేం. క్రోమోజోముల లెక్క తప్పడం, మిథైలేషన్ చెదరడం కూడా కారణాలే.

ఆ మొక్కలు రైతు దాకా రావు. ల్యాబ్‌లో మొక్కగా మారేందుకు తేలిగ్గా ఒప్పుకునేది కోకర్ 312 అనే అమెరికా రకం. జన్యువును అందులో పెట్టి, సరైన మొక్కను ఎంచుకుని, తర్వాత మన రకాలతో తరం తర్వాత తరం తిరిగి సంకరం (బ్యాక్‌క్రాస్) చేస్తారు. ప్రతి తరంలో కోకర్ వాటా సగానికి సగం తగ్గుతుంది. సీసాలో దూకిన ముక్కలు బీటీ జన్యువుకు ఆనుకుని లేకపోతే చాలావరకు ఆ క్రమంలో రాలిపోతాయి. నా మటుకు ఈ ఓపికతో కూడిన బ్రీడింగ్ పనే అసలు రక్షణ. జీఎం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

బీటీ జన్యువు తనంతట తాను కదలగలదా? కదలలేదు. మొక్కలోకి జన్యువును చేర్చడానికి వాడే అగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా ద్వారా వచ్చే డీఎన్ఏకు కదిలే ఎంజైమ్ ఉండదు. దాన్ని మోసే ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు ఆ బాక్టీరియాలోనే ఉండిపోతాయి. మొక్కలో ముందే ఉన్న ట్రాన్స్‌పోజాన్ వచ్చి దానిలో దూరే అవకాశం సిద్ధాంతంగా ఉంది. దీన్నే పట్టుకోవాలని 1990లో జర్మనీలోని కొలోన్‌లో దాదాపు 30 వేల పెటూనియా మొక్కలను పొలంలో నాటారు. మొక్కజొన్న రంగు జన్యువు పెట్టిన ఇటుక రంగు పూలు అవి. ముక్క దూరితే పువ్వు రంగు మారాలి. వేసవి ముదిరాక నిజంగానే ఎన్నో పూలు వెలిసిపోయాయి, కానీ కారణం ముక్క దూకడం కాదు. జన్యువు ముందున్న 35ఎస్ ప్రమోటర్ (జన్యువును పనిచేయించే భాగం) మీద మిథైలేషన్ చేరింది. ట్రాన్స్‌పోజాన్లను అణచడానికి మొక్క వాడే పద్ధతే బయటి నుంచి వచ్చిన జన్యువు మీదా పనిచేసిందన్నమాట. బోల్‌గార్డ్ అనే బీటీ పత్తిలో ఉన్నదీ ఆ 35ఎస్‌కే బలపరిచిన రూపం. అందుకే తరతరాలుగా స్థిరంగా పనిచేసే మొక్కనే ఏరుకుంటారు.

ఇక పురుగు. మన దేశంలో బోల్‌గార్డ్ 2002లో, బోల్‌గార్డ్-2 2006లో వచ్చాయి. క్రై1ఏసీ అనే బీటీ ప్రోటీన్ పనిచేయాలంటే పురుగు పేగులో క్యాడ్హెరిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కోవాలి. అమెరికాలో పొగాకు మొగ్గ పురుగు నిరోధక జాతిని 2001లో పరిశీలిస్తే, ఆ క్యాడ్హెరిన్ జన్యువు మధ్యలో ఒక రెట్రోట్రాన్స్‌పోజాన్ (తనను తాను కాపీ చేసుకునే రకం ట్రాన్స్‌పోజాన్) దూరి ఉంది. జన్యువు చెడింది, విషం అతుక్కునే చోటు పోయింది, పురుగు బతికింది. గులాబీ రంగు పురుగులోనూ అరిజోనా నుంచి సేకరించిన జాతిలో ఇలాంటిదే దొరికింది. మన దేశపు పురుగుల్లో కూడా అదే జన్యువు చెడింది, అయితే ఇక్కడ ఆర్ఎన్ఏ ముక్కలు తప్పుగా అతుక్కోవడం ప్రధానంగా కనిపించింది. చూడండి, మొక్కలో దూకుతుందని మనం భయపడిన లాంటి ముక్కే కొన్ని జాతుల పురుగుల్లో దూకి వాటిని కాపాడింది.

దీనికి మన హైబ్రిడ్ల పద్ధతి తోడైంది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే బీటీ జన్యువు వస్తే, ఆ హైబ్రిడ్ మొక్క కాయలో ప్రతి నాలుగు గింజల్లో సగటున ఒకదానిలో ఆ జన్యువు ఉండదు. గులాబీ రంగు పురుగు తినేది గింజనే. ఒకే కాయలో విషం ఉన్న గింజ, లేని గింజ పక్కపక్కనే దొరికితే సగం తట్టుకోగల పురుగు కూడా బతికి బయటపడుతుంది. పైగా పంట ముదిరేకొద్దీ మొక్కలో ప్రోటీన్ తగ్గుతుంది.

బాబాయి చేలో గుడ్డి పూలు (పురుగు చేరి విచ్చుకోని పూలు) కనిపించిన మొక్కల ఆకులను నలిపి, బీటీ ప్రోటీన్ ఉంటే గీత చూపే స్ట్రిప్ పెట్టి చూశాను. క్రై1ఏసీ గీత, బోల్‌గార్డ్-2లోని రెండో బీటీ ప్రోటీన్ క్రై2ఏబీ గీత రెండూ స్పష్టంగా వచ్చాయి. జన్యువు పనిచేస్తూనే ఉంది, పురుగుకే లెక్కలేదు.

మీరూ అదే చేయండి. స్ట్రిప్ ఒక్క మొక్కకు పెట్టి తేల్చకండి, ఎందుకంటే ఇప్పుడు ప్యాకెట్‌లోనే కొన్ని నాన్-బీటీ గింజలు కలిపి ఇస్తున్నారు. చేనంతా తిరిగి చాలా మొక్కల ఆకులు తీయండి. ఎక్కువ వాటిలో గీతలు వస్తే విత్తనాన్ని అనుమానించక్కర్లేదు. విత్తిన 45 రోజుల నుంచే లింగాకర్షక బుట్టలు పెట్టండి. బుట్టకు రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందుకు సిద్ధం కావాలి. గుడ్డి పూలు ఏరి నాశనం చేయండి. డిసెంబరు దాటి పంట కొనసాగించొద్దు, తీతలు అయిపోగానే మోళ్లు పీకేయండి. ఎక్కువ మొక్కల్లో గీతే రాకపోతే మాత్రం ప్యాకెట్, బిల్లు, లాట్ నంబరు తీసుకుని మీ మండల వ్యవసాయ అధికారిని కలవండి. అది ట్రాన్స్‌పోజాన్ చేసిన పని కాదు, విత్తనం కల్తీ.