యూనివర్సిటీ లైబ్రరీ డేటాబేసుల్లో నమ్మదగిన సైన్స్ పేపర్లు ఎలా వెతకాలి?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వేరుశనగలో అఫ్లటాక్సిన్ మీద పేపర్లు కావాలి, గూగుల్‌లో కొడితే బ్లాగులు వస్తున్నాయి, మంచి పేపర్ కనిపిస్తే డబ్బు కట్టమంటోంది అన్నారు. నా పీహెచ్‌డీ కూడా ఈ బూజు విషం మీదే కాబట్టి నేను వెతికిన పద్ధతి చెప్తాను.

ముందుగా, డబ్బు కట్టకండి. మీది ప్రభుత్వ యూనివర్సిటీ అన్నారు కదా, ఆ జర్నల్‌కి చందా ఇప్పటికే కట్టి ఉండే అవకాశం ఎక్కువ. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, 2025 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయల పథకం. క్యాంపస్ నెట్‌లో ఉంటే సైటు మీ ఐపీ అడ్రస్ చూసి పేపర్ తెరుస్తుంది. హాస్టల్ గదిలో మొబైల్ డేటా మీద అదే లింకు నొక్కితే కొనుక్కోమంటుంది. మీకు జరుగుతున్నది బహుశా ఇదే. బయటి నుంచి వాడుకునే లాగిన్ కోసం లైబ్రరీకి వెళ్లి మీరే అడగాలి, పిలిచి ఎవరూ ఇవ్వరు. (ప్రైవేటు కాలేజీలను మొదటి దశలో ఇందులో చేర్చలేదు.)

ఎక్కడ వెతకాలన్నది తర్వాతి సంగతి. సైన్స్‌డైరెక్ట్‌లో కొట్టి అంతా చూశామనుకుంటారు చాలామంది. అందులో ఉండేవి ప్రధానంగా ఎల్సెవియర్ వాళ్ల పత్రికలే. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ లాంటివి రకరకాల ప్రచురణకర్తల పేపర్లను కలిపి చూపిస్తాయి. అక్కడ దొరికేది సారాంశమే, పూర్తి పేపర్‌కి లింకు పట్టుకుని వెళ్లాలి. వ్యవసాయానికి క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్ మీ లైబ్రరీలో ఉంటే వదలొద్దు. ఆరోగ్యం వైపు అయితే పబ్‌మెడ్, అది అందరికీ ఉచితం.

ఇక వెతికే మాటలు. గూగుల్‌లోలాగా వాక్యం మొత్తం కొట్టకండి. నేను కాగితం మీద మూడు నిలువు గళ్లు గీసుకునేదాన్ని. మొదటి గడిలో పంట: గ్రౌండ్‌నట్, పీనట్, అరాకిస్ హైపోజియా (వేరుశనగ శాస్త్రీయ నామం). రెండో గడిలో సమస్య: అఫ్లటాక్సిన్, ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ (ఆ విషాన్ని తయారుచేసే బూజు). మూడో గడిలో మీకు కావలసిన కోణం, అంటే ఎండబెట్టడమో, నిల్వో. ఒకే గడిలోని మాటల మధ్య ‘ఆర్’ (OR), గడికీ గడికీ మధ్య ‘ఆండ్’ (AND), ఒక్కో గడి చుట్టూ బ్రాకెట్లు. జంట మాటలు విడిపోకుండా డబుల్ కోట్స్. అఫ్లటాక్స్ దాకా కొట్టి నక్షత్రం గుర్తు పెడితే దాని రూపాలన్నీ వస్తాయి. మనవాళ్లు గ్రౌండ్‌నట్ అని రాస్తే అమెరికా వాళ్లు పీనట్ అంటారు, ఒక్కటే కొడితే జార్జియా రాష్ట్రంలో జరిగిన పని చాలావరకు కనిపించదు. అన్నట్టు, అనంతపురం స్పెల్లింగ్ కూడా పేపర్లలో రెండు మూడు రకాలుగా ఉంటుంది. వేలల్లో ఫలితాలు వస్తే ‘రివ్యూ’ ఫిల్టర్ పెట్టి, ఈమధ్య వచ్చిన ఒక మంచి సమీక్ష ముందు చదవండి.

డేటాబేస్‌లో ఉంది కాబట్టి నమ్మొచ్చా అంటే, చాలదు. స్కోపస్ కొన్ని జర్నళ్లను నాణ్యత బాలేదని మధ్యలో ఆపేస్తుంది, వాటి పాత పేపర్లు మాత్రం అలాగే కనిపిస్తుంటాయి. పెద్ద పేరూ హామీ కాదు. 2020 మేలో ద లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో, కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడకం మీద వచ్చిన పేపర్‌ని రెండు వారాల్లోపే వెనక్కి తీసుకున్నారు. పేపర్లు భద్రపరిచే జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాచుకుంటే, ఇలా వెనక్కి తీసుకున్నవాటిని అదే ఎర్రగా చూపిస్తుంది.

నేనైతే మీ టాపిక్‌లో సారాంశం కంటే ముందు పద్ధతుల విభాగం తెరుస్తాను. అఫ్లటాక్సిన్ బస్తా అంతా సమంగా ఉండదు. కొద్ది గింజల్లో విపరీతంగా ఉండి, మిగతావి శుభ్రంగా ఉండొచ్చు. బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి పరీక్షిస్తే ఆ విషపు గింజలు తగిలాయా లేదా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. అందుకే ఎన్ని కిలోల నమూనా తీశారు, ఎన్ని చోట్ల నుంచి తీశారు, మొత్తం పొడి చేశాకే అందులోంచి కొంత తీసుకున్నారా, ఎలైసాతో కొలిచారా హెచ్‌పీఎల్‌సీతోనా (రెండూ విషాన్ని కొలిచే ల్యాబ్ పద్ధతులే), రికవరీ, అంటే తెలిసిన మోతాదు కలిపితే పరీక్షలో తిరిగి దొరికిన భాగం, ఎంత శాతం వచ్చిందో రాశారా అని చూస్తాను. ఇవేవీ చెప్పకుండా ‘మార్కెట్ నమూనాల్లో ఇంత శాతం కలుషితం’ అని తేల్చేసిన పేపర్ ఎంత మంచి జర్నల్‌లో ఉన్నా పక్కన పెడతాను.

అంకెల్ని మూలం దాకా తవ్వండి. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని జనం కాలేయం దెబ్బతిని చనిపోయిన ఘటన మీ పేపర్లన్నింటిలో తగులుతుంది. మృతులు ఒకచోట 106, ఇంకోచోట 108, మరోచోట ‘సుమారు వంద’. ఒకరిని చూసి ఒకరు రాసుకున్న ఫలితం అది. దీని మీద హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తల పేపర్ 1975లో ద లాన్సెట్‌లో వచ్చింది. థీసిస్‌లో చూపించాల్సింది దాన్ని, పదో చేతి సమీక్షని కాదు. వైవాలో బయటి ఎగ్జామినర్ సరిగ్గా ఇలాంటిదే పట్టుకుంటారు.

అన్నీ అయ్యాక కూడా పూర్తి పేపర్ దొరక్కపోతే, కరెస్పాండింగ్ ఆథర్‌కి, అంటే పేపర్ మీద సంప్రదించమని ఈమెయిల్ ఇచ్చిన రచయితకి, రెండు లైన్ల మెయిల్ పెట్టండి. మీరెవరు, ఏ పేపర్, డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య), అంతే. నాకు చాలామంది పీడీఎఫ్ వెంటనే పంపారు. జవాబు రాకపోతే లైబ్రేరియన్‌ని వేరే యూనివర్సిటీ నుంచి తెప్పించమని అడగండి, అది వాళ్ల పనిలో భాగమే.