చైనా బొమ్మల్లో పిట్టను చూస్తే చాలదు, పేరు పైకి పలకాలి

“చైనా చిత్రాల్లో కొంగ అంటే ఆయుష్షు, బాతుల జంట అంటే దాంపత్యం... ఇలా ఏ పక్షికి ఏ అర్థమో జాబితా ఉందా?” అని అడిగారు. జాబితాలు బోలెడున్నాయి. అసలు చిక్కంతా వాటితోనే.

చాలా బొమ్మల్లో అర్థం పిట్టలో కాదు, శ్లేషలో ఉంటుంది. కాకి జాతికి చెందిన నలుపు తెలుపు పిట్ట మ్యాగ్‌పైని చైనీస్‌లో ‘షీ ఛ్యుయె’ అంటారు. ‘షీ’ అంటే సంతోషం. ప్లమ్ చెట్టు ‘మెయ్’, కనుబొమ కూడా ‘మెయ్’. ప్లమ్ కొమ్మ చివర మ్యాగ్‌పై వాలితే ‘సంతోషం కనుబొమల కొసకెక్కింది’ అనే నానుడి తయారు. బాగుంటుందని పీచ్ పూలు వేశారా, నానుడి పోయి ఉత్త పిట్ట మిగులుతుంది. తామర పక్కన తెల్లకొంగా అంతే. ‘యీ లూ’ అంటే ఒక కొంగ, దారి పొడవునా అని కూడా. ‘ల్యెన్’ అంటే తామర, వరసగా అని కూడా. పరీక్షలన్నీ వరసగా గట్టెక్కాలన్న దీవెన అది. దీనికి కొంగ ఒక్కటే ఉండాలి, అందుకే ముందు లెక్కపెట్టండి.

ఇక ఆయుష్షుకు గుర్తు కొంగ కాదండీ, ఎర్ర నెత్తి క్రేన్. మన బెగ్గురు జాతి. దానికి నల్లతోక వేసేస్తారు. నిజానికి తోక తెల్లగానే ఉంటుంది, ఆ నలుపు రెక్కల వెనక ఈకలది. పైన్ కొమ్మ మీద నిలబెడతారు కూడా. వెనక వేలు పొట్టిగా, పైకి ఉంటుంది కాబట్టి అది కొమ్మను పట్టుకోలేదు. పైన్ కూడా ఆయుష్షుకు గుర్తే కనక రెండూ కలిపేశారు, పోనీలెండి. దుకాణాల్లో అమ్మే మాండరిన్ బాతుల జంటలో రెండూ రంగురంగులవే ఉండటం మాత్రం ఘోరం. ఆడది బూడిద రంగులో ఉంటుంది!

అర్థం దొరికాక బొమ్మను వదిలేయకండి. చైనా చిత్రకారుడు త్సుయ్ బాయ్ 1061లో పట్టు మీద వేసిన నిలువెత్తు చిత్రం తైవాన్ రాజధాని తైపేలోని నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. మ్యాగ్‌పైలు రెండు కాబట్టి దాన్ని ‘జంట సంతోషం’ అంటారు. అందులో సంతోషం ఎక్కడ? గాలికి గడ్డీ వెదురూ వంగిపోతుంటాయి. ఒక పిట్ట రెక్కలు విప్పి, ఇంకోటి కొమ్మ మీద నుంచి, రెండూ నోరు తెరిచి కింది కుందేలును తిడుతున్నట్టే ఉంటాయి. అది ముందుకాలు ఎత్తి, మెడ తిప్పి పైకి చూస్తుంది. చిత్రకారుడి సంతకం చెట్టు మాను మీద ఉంది, వెతకండి.