ట్యూబు యాంప్ ధ్వని: శూన్యం మహిమా, ఇంపీడెన్సా?

మీరు అడిగింది ఇది: ట్యూబులో ఎలక్ట్రాన్లు ఖాళీలో అడ్డు లేకుండా పోతాయి కాబట్టి పాతకాలం ట్యూబుల ధ్వని స్వచ్ఛంగా ఉండేదనీ, ట్రాన్సిస్టర్‌కి అది రాదనీ అంటారు, నిజమేనా అని. తేడా వినిపించడం నిజమే. చెప్పే కారణమే తప్పు.

ముందు చరిత్ర. మొదటి ట్యూబైన 1904 నాటి ఫ్లెమింగ్ వాల్వు రేడియో సిగ్నల్‌ని పట్టేదే కానీ పెంచేది కాదు. లీ డి ఫారెస్ట్ 1906లో ఆడియాన్ అనే ట్యూబు తెచ్చి, దానికి ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేసే గ్రిడ్ (తీగ జాలి) చేర్చి 1908లో పేటెంటు పొందాడు. లోపల మిగిలిన గ్యాసు వల్లే అది పనిచేస్తోందని ఆయన నమ్మకం! నిజానికి ఆ గ్యాసే దాని జబ్బు. ప్లేటు (ఎలక్ట్రాన్లు చేరే పలక) వోల్టేజీ కాస్త పెంచితే ట్యూబు నీలంగా వెలిగి అదుపు తప్పేది, ఒకటి పనిచేసినట్టు ఇంకోటి చేసేది కాదు. లాంగ్‌మ్యూర్, హెరాల్డ్ ఆర్నాల్డ్ లాంటి పరిశోధకులు గాలిని పూర్తిగా తోడే పద్ధతులు తెచ్చాకే ట్యూబు కుదురుకుంది. 1915లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మాట చేర్చిన టెలిఫోన్ లైన్లో రిపీటర్లుగా (దారిలో సిగ్నల్‌ని పెంచేవిగా) పనిచేసినవి అవే. శూన్యం కావలసింది ట్యూబు నిలకడకి, మాధుర్యానికి కాదు.

ఇక వినిపించే తేడా. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని వెనక్కి పంపి తప్పులు దిద్దే ఏర్పాటు) లేకుండా, ఒకే 300బి ట్యూబుతో నడిచే సింగిల్-ఎండెడ్ యాంప్ ఇచ్చేది సుమారు 8 వాట్లు, అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకి యాంప్ లోపల ఉండే అడ్డు) 2-3 ఓమ్‌లు. మీ స్పీకర్ ఇంపీడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి 4 నుంచి 20 ఓమ్‌ల దాకా మారుతుందనుకోండి. 3 ఓమ్‌ల యాంప్ మీద ఆ రెండు చోట్లా స్పీకర్‌కి అందే వోల్టేజీలో తేడా 3.6 డెసిబెల్స్. అంటే ఈక్వలైజర్ తిప్పినట్టే, ఎవరికైనా తెలిసిపోతుంది. వాల్యూమ్ పెంచినకొద్దీ పెరిగే రెండో హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో కలిసే స్వరం) దీనికి తోడు.

దీన్ని పరీక్షించడం తేలికే. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య సిరీస్‌లో 3 ఓమ్, 10 వాట్ల రెసిస్టర్ పెట్టండి. 1 కిలోహెర్ట్జ్ టోన్ వేసి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర రెండు యాంప్‌ల వోల్టేజీ ఒక శాతం లోపు కలిసేలా వాల్యూమ్ సర్దండి. చాలామంది తప్పేది ఇక్కడే: కాస్త గట్టిగా మోగిందే మనకి మెరుగ్గా తోస్తుంది. స్విచ్ వేరొకరు తిప్పాలి, ఏది మోగుతోందో మీకు తెలియకూడదు. 16 సార్లలో కనీసం 12 సరిగ్గా చెప్పగలిగితేనే లెక్క. రెసిస్టర్ లేనప్పుడు తెలిసిన తేడా, పెట్టాక చాలావరకు మాయమైతే, మీరు విన్నది ఇంపీడెన్సే.

స్పీకర్ తీగలు రెండూ స్విచ్‌లో మారాలి, రెండు యాంప్‌ల మైనస్‌లు కలపకూడదు. వినని సమయంలో ట్యూబు యాంప్‌కి 8 ఓమ్ పవర్ రెసిస్టర్ లోడ్‌గా ఉండాలి. లోడ్ లేకుండా సిగ్నల్ ఇస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోవచ్చు.