832 మెట్లూ ఎక్కాలా?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. ఏప్రిల్ చివర్లో వెళ్తున్నాం. దిగిన వారానికే నయాగరా అట. దారిలో వాట్కిన్స్ గ్లెన్ స్టేట్ పార్కు చూపిస్తానంటున్నాడు. రాతి లోయలో 832 మెట్లట! నాకు 62 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇప్పటి నుంచే టెన్షన్. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వెళ్లండి. కానీ ముందు ఆ ట్రిప్పును జూన్‌కి జరపమని అబ్బాయికి చెప్పండి. మంచు, రాళ్లు పడే భయం వల్ల లోయలోని దారిని చలికాలమంతా మూసేస్తారు. మామూలుగా మే మధ్యలో గానీ తెరవరు. ఏప్రిల్లో వెళ్తే పైగట్టు నుంచి తొంగిచూసి రావడమే.

మెట్ల లెక్క విని నేనూ కారులోనే కూర్చుంటానన్నాను. మా అమ్మాయి వినలేదు. తీరా చూస్తే అలిపిరి మెట్లలా వరసగా లేవు. కొన్ని మెట్లు, కాస్త చదును, మళ్లీ కొన్ని. పార్కు 778 ఎకరాలు, అంటే మన లాల్‌బాగ్‌లు మూడు. అమెరికా లెక్కలో చిన్నదే. అందులో రెండు మైళ్లలోపే వాగు 400 అడుగులు దిగుతుంది, 19 జలపాతాలు. మెత్తటి పలకరాయి తొందరగా అరిగిపోతుంది, గట్టి ఇసుకరాయి నిలబడుతుంది. అలా నిలబడిన చోటల్లా నీళ్లు దూకుతాయి. హిమానీనదాలు వెనక్కి తగ్గాక, సుమారు 12 వేల ఏళ్లుగా ఆ వాగు కోస్తూనే ఉంది. 1935 వరదలో దారి కొట్టుకుపోతే మళ్లీ రాతితో కట్టారు. పక్కన పిట్టగోడ ఉంటుంది, భయం లేదు.

రాళ్లు మాత్రం ఎప్పుడూ తడే. చీర వద్దు, చుడీదార్, పట్టున్న బూట్లు వేసుకోండి. మావారు కొత్త చెప్పులతో వచ్చి, గోడను కౌగిలించుకున్నట్టు నడిచారు. ఫొటో ఉంది, చూపించనివ్వరు.

పైగేటు నుంచి దిగితే సులువని ఎవరైనా చెబితే వినకండి. మన మోకాళ్లకు ఎక్కడం కన్నా దిగడమే శత్రువు. పైచివర జేకబ్స్ ల్యాడర్ అని 180 మెట్లు ఏకబిగిన ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. కిందిగేటు నుంచే మొదలుపెట్టి, ఆగుతూ ఆగుతూ రెయిన్‌బో ఫాల్స్ దాకా వెళ్లండి. అక్కడ జలపాతం వెనకనుంచే దారి, నీళ్ల తెర మన ముందు పడుతుంది. అబ్బాయి పైదాకా వెళ్లొస్తానంటే వెళ్లనివ్వండి. మీరు తనివితీరా తడిసి, మెల్లగా వెనక్కి వచ్చేయండి. తువ్వాలు కారులో పెట్టుకోవడం మరవకండి, నేను మరిచాను.