ముందు ఆ సూది గుచ్చుకున్న సంగతి చూడండి

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సెమిస్టర్. హన్మకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. పని నేర్పేవాళ్లు లేరని, రోజంతా శాంపిళ్లు మోయడం, ఫైళ్లు తిప్పడమే సరిపోతోందని, అందరి ముందూ తిడుతున్నారని ఫోన్‌లో ఏడుస్తోంది. పది రోజుల కింద చేతికి సూది కూడా గుచ్చుకుందట. తిడతారని ఎవరికీ చెప్పలేదట. మాన్పించి వేరే డిగ్రీలో చేర్పించమంటారా?

జవాబు: మాన్పించే మాట తర్వాత మాట్లాడుకుందాం. రేపే అమ్మాయిని వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు తీసుకెళ్లండి. రోగికి వాడిన సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో, ధారగా నీళ్లతో కడగాలి, నొక్కి రక్తం తీయకూడదు. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందులు వీలైతే రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఆ గడువు దాటింది కాబట్టి ఇప్పుడు రక్తపరీక్షలు చేయించి, మళ్లీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్లాలి. భయపడకండి. హెచ్‌ఐవీ ఉన్న రోగి సూదే గుచ్చుకున్నా, అది సోకేది సుమారు వెయ్యిలో ముగ్గురికి. హెపటైటిస్-బి అంతకంటే చాలా తేలిగ్గా అంటుకుంటుంది. దాని టీకా మూడు డోసులూ పూర్తయ్యాయో లేదో అడగండి, మిగిలి ఉంటే వెంటనే వేయించండి. ట్యూటర్‌కు రాతపూర్వకంగా చెప్పమనండి. గుచ్చుకోవడం ఆమె తప్పేమీ కాదు. దాచిపెడితేనే నష్టం.

ఇక చదువు. చివరి సెమిస్టర్‌లో ఇంటర్న్‌షిప్ 22 వారాలు. అది పూర్తికాకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేదు, సర్కారు స్టాఫ్ నర్సు పోస్టుకు దరఖాస్తూ లేదు. ఇంత దూరం వచ్చి ఆపేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

అమ్మాయి చెప్పేది మాత్రం అబద్ధం కాదు. సిబ్బంది తక్కువున్న వార్డుల్లో ఇంటర్న్‌లను పనివాళ్లలా వాడేస్తారు. నేర్పించమని అడిగితే పొద్దున రౌండ్స్ హడావుడిలో ఎవరైనా విసుక్కుంటారు. కాబట్టి అడిగే వేళ మార్చుకోవాలి. డ్యూటీకి పావుగంట ముందే వెళ్లి హ్యాండోవర్ (డ్యూటీ దిగే నర్సు తర్వాతి నర్సుకు రోగుల వివరాలు అప్పజెప్పడం) వినమనండి. ఏ బెడ్‌లో ఏ రోగి, ఏం చేయాల్సి ఉందో అక్కడే తెలుస్తుంది. తర్వాత రోజుకు ఒక్క పనే అడగాలి: ‘సిస్టర్, ఆరో బెడ్ పేషెంట్‌కు ఈరోజు రైల్స్ ట్యూబ్ నేను వేస్తాను, మీరు పక్కన ఉంటారా?’ ఇలా ఫలానా పని అని అడిగితే కాదనడం కష్టం. (రైల్స్ ట్యూబ్ అంటే ముక్కు ద్వారా పొట్టలోకి వేసే గొట్టం.) చేసిన పనిని అదే రోజు లాగ్‌బుక్‌లో రాసి సంతకం తీసుకోవాలి. వారం గడిచినా ఒక్క సంతకం పడలేదంటే, ఆ పుస్తకాన్నే తీసుకెళ్లి ట్యూటర్‌కు చూపించమనండి. నోటిమాట కంటే అది బాగా పనిచేస్తుంది.

పొరపాటు చేస్తే మందలించడం వేరు, రోగుల ముందు బూతులు తిట్టడం వేరు. రెండోది జరిగితే తేదీ, వార్డు రాసి ప్రిన్సిపాల్‌కు ఇవ్వాలి. అప్పుడు మీరు కూడా వెంట వెళ్లండి. పల్లెటూరి తండ్రి మాట ఎవరు వింటారని వెనకాడకండి, ఫీజు కట్టింది మీరే.