హెచ్‌ఓఏ లేని ఎకరంపావు కొనవచ్చా?

ప్రశ్న: అరిజోనాలోని క్వీన్ క్రీక్‌లో ఇల్లు కొనుక్కున్నాం. పెరట్లో మునగచెట్టు గోడ దాటి రోడ్డుకు కనబడుతోందనీ, అనుమతి లేకుండా షెడ్డు వేశామనీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) తరఫున మేనేజ్‌మెంట్ కంపెనీ ఉత్తరం పంపింది. సరిచేయకపోతే 100 డాలర్ల జరిమానా అట. అది కట్టకపోతే ఇల్లు వేలం వేస్తారని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు. కోపమొచ్చి ఈ నెల హెచ్‌ఓఏ ఫీజు ఆపేశాను. ఈ గొడవంతా ఎందుకు, ఇల్లమ్మేయండి, పినాల్ కౌంటీలో టౌను బయట హెచ్‌ఓఏ లేని ఎకరంపావు చౌకగా వస్తోంది, చెరిసగం తీసుకుని పక్కపక్కనే కట్టుకుందాం అంటున్నాడు మా బావమరిది. మీ సలహా ఏమిటి?

జవాబు: ఆపేసిన ఫీజు ముందు కట్టేయండి, ఇవాళే. మీరు రాసినదాంట్లో నాకు భయం కలిగించింది అదొక్కటే. నెలవారీ ఫీజు బాకీనీ జరిమానా బాకీనీ అరిజోనా చట్టం ఒకే గాటన కట్టదు. ఫీజు బాకీ పడితే ఇంటి మీద లీన్, అంటే బాకీ కింద ఇంటి మీద హక్కు, దానంతటదే ఏర్పడుతుంది, బాకీ చట్టం పెట్టిన హద్దు దాటితే ఫోర్‌క్లోజర్ (బాకీ కింద ఇల్లు వేలం వేయడం) దాకా వెళ్లవచ్చు. జరిమానాకు ఆ బలం లేదు. వసూలు చేసుకోవాలంటే వాళ్లు కోర్టుకెళ్లి తీర్పు తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా, మీరు ఇల్లు అమ్మిననాడు ఆ సొమ్ము రాబట్టుకోగలరేమో గానీ, దాని కోసం ఇంటిని వేలానికి పెట్టలేరు. ఇరుగుపొరుగు మాట వదిలేయండి.

ఇక ఉత్తరం సంగతి. ఫోన్ చేసి మేనేజర్‌తో వాదించడం వల్ల మీకు మిగిలేది ఏమీ ఉండదు. అరిజోనా రాష్ట్ర చట్టం ఏఆర్‌ఎస్ 33-1803 ప్రకారం, ఉత్తరంలో వేసిన తేదీ నుంచి 21 రోజుల్లోగా మీరు సర్టిఫైడ్ మెయిల్‌లో జవాబు పంపవచ్చు. అది అందిన 10 పనిదినాల్లోగా వాళ్లు కొన్ని విషయాలు రాతపూర్వకంగా చెప్పి తీరాలి: సీసీ అండ్ ఆర్‌లలో (కాలనీ నిబంధనల పత్రం) ఏ నిబంధన మీరినట్టు, ఏ తేదీన చూశారు, చూసిన మనిషి పేరూ ఇంటిపేరూ, మీరు అభ్యంతరం చెప్పుకునే దారి. ఈ వివరాలు మొదటి నోటీసులోనే ఇచ్చి ఉంటే సరే, లేకపోతే ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నంతకాలం మీ మీద చర్యకు దిగడానికి వీల్లేదు, లాయర్ ఫీజులు రుద్దడానికీ వీల్లేదు. మీ వాదన వినే అవకాశం ఇవ్వకుండా జరిమానా వేయడం అసలే కుదరదు. బోర్డు సమావేశానికి వెళ్లి మాట్లాడే హక్కు మీకుంది, దాన్ని రికార్డు చేసుకునే హక్కు కూడా ఉంది. అక్కడా తేలకపోతే రాష్ట్ర రియల్ ఎస్టేట్ శాఖకు పిటిషన్ పెట్టుకుంటే జడ్జి వింటారు. ఒక్కో అంశానికి 500 డాలర్లు కట్టాలి కాబట్టి, 100 డాలర్ల జరిమానా కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

కొన్నప్పుడు మీరు చూడకుండా సంతకం పెట్టిన ఆ సీసీ అండ్ ఆర్‌ల కట్ట ఇప్పుడు తీసి చదవండి. షెడ్డుకు ఆర్కిటెక్చరల్ కమిటీ అనుమతి కావాలని అందులో దాదాపు తప్పకుండా ఉంటుంది. అలా ఉంటే ఆ విషయంలో మీరు నెగ్గడం కష్టం. ఇప్పుడైనా దరఖాస్తు పెట్టండి, కాదంటే తీసేయండి. మునగచెట్టు విషయంలో మాత్రం ఆశ ఉంది. గోడ పైకి కనబడే చెట్ల గురించి అసలు పత్రంలో ఏమీ లేకుండా, తర్వాతెప్పుడో ఓటింగు పెట్టి కొత్తగా నిషేధం చేర్చి ఉంటే, 2022లో అరిజోనా సుప్రీంకోర్టు కాల్వే వర్సెస్ కాలాబ్రియా రాంచ్ కేసులో ఇచ్చిన తీర్పు మీకు పనికొస్తుంది. కొనేటప్పుడు యజమాని ఊహించడానికి అవకాశం లేని కొత్త ఆంక్షలను మెజారిటీ ఓటుతో నెత్తిన పెట్టడం చెల్లదంది కోర్టు. నిబంధన మొదటినుంచీ ఉంటే మాత్రం కొమ్మలు నరకండి. మునగ మళ్లీ చిగురిస్తుంది, అందులోనూ ఆ ఎండకు.

ఇల్లమ్మితే పీడ వదులుతుందనుకుంటున్నారేమో. అమ్మకం సమయంలో హెచ్‌ఓఏ కొనేవాళ్లకు ఇచ్చే పత్రాల్లో బాకీల లెక్కతో పాటు, నిబంధనలకు విరుద్ధమైన కట్టడం ఏదైనా తమ రికార్డుల్లో ఉంటే అదీ చెప్పాలి. షెడ్డు గొడవ తేల్చకుండా అమ్మబోతే కొనేవాడు ధర తగ్గించమంటాడు.

ఇప్పుడు మీ బావమరిదిగారి ఎకరంపావు. ఏ భూమిలో ఏం కట్టవచ్చో కౌంటీ నిర్ణయించడాన్ని జోనింగ్ అంటారు. పినాల్ కౌంటీలో జీఆర్ (జనరల్ రూరల్) జోనింగ్ ఉన్నచోట ఒక ప్లాటుకు కనీస విస్తీర్ణమే ఎకరంపావు. మారికోపా కౌంటీ వైపు రూరల్-43 జోనింగ్ అయితే ఒక ఎకరం. మీరు చూసిన భూమి వీటిలో దేని కిందకు వచ్చినా చెరిసగం చేసి రెండిళ్లు అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. కౌంటీ ప్లానింగ్ ఆఫీసులో పార్సెల్ (భూమి ముక్క) నంబర్ చెప్పి జోనింగ్ అడగండి. బ్రోకరు నోటిమాట మీద వెళ్లకండి.

అంతకంటే పెద్ద ప్రశ్న నీళ్లు. మన దగ్గర భూమి కొంటే తర్వాత బోరు వేసుకోవచ్చులే అనుకుంటాం. అక్కడ ఆ ధీమా పనికిరాదు. 1980 నాటి భూగర్భ జల చట్టం కింద ఫీనిక్స్, పినాల్ లాంటి నియంత్రిత ప్రాంతాల్లో ఆరు, అంతకు మించిన ప్లాట్లతో వెంచర్ వేస్తే, వందేళ్లకు సరిపడా నీళ్లున్నాయని రాష్ట్రానికి రుజువు చూపాలి. మీ క్వీన్ క్రీక్ ఇల్లు ఆ పరీక్ష దాటిన వెంచర్లోదే అయి ఉంటుంది. 2023 జూన్‌లో ఫీనిక్స్ ప్రాంతంలో భూగర్భ జలాల మీదే ఆధారపడే కొత్త వెంచర్లకు సర్టిఫికెట్లు ఆపేశారు గానీ, అప్పటికే ఇచ్చినవాటిని ముట్టుకోలేదు. భూమిని ఐదు, అంతకంటే తక్కువ ముక్కలు చేసి అమ్మితే ఈ షరతు వర్తించదు. హెచ్‌ఓఏ లేని చౌక భూముల్లో చాలావరకు ఇలా పుట్టినవే. ఈ షరతు తప్పించుకోవడానికి ఐదేసి ముక్కలుగా బంధువుల పేరునా, ఎల్‌ఎల్‌సీల (చిన్న కంపెనీల) పేరునా కూడబలుక్కుని అమ్మడం చట్టవిరుద్ధం. అయినా జరుగుతూనే ఉంది.

దీని ఫలితం రియో వెర్డే ఫుట్‌హిల్స్‌లో కనిపించింది. స్కాట్స్‌డేల్ పక్కనే, ఏ నగర పరిధిలోకీ రాని చోటు. వందల ఇళ్లకు స్కాట్స్‌డేల్ నుంచి ట్యాంకర్లు నీళ్లు తెచ్చేవి. 2023 జనవరి 1న నగరం ఆ సరఫరా ఆపేసింది. తమ నీళ్లు తమ పౌరులకే అంది. ఇళ్లవాళ్లు కోర్టుకెళ్లారు, ట్యాంకర్ల ధరలు ఎగబాకాయి, చివరికి శాసనసభ కల్పించుకుని చట్టం చేస్తే గానీ తాత్కాలిక ఏర్పాటు కుదరలేదు. కొనేటప్పుడు ట్యాంకరు అనే మాటను చాలామంది తేలిగ్గా తీసుకున్నారు.

భూమికి బావి ఉందంటే దాని రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి, రాష్ట్ర జలవనరుల శాఖ వెబ్‌సైటులో లోతు, నీటిమట్టం చూడండి. ఇంటి అవసరాల బావికి నిమిషానికి 35 గ్యాలన్లకు మించిన పంపు ఉండకూడదు. నలుగురి ఉమ్మడి బావి అయితే కౌంటీలో రికార్డయిన ఒప్పందం ఉందో లేదో కనుక్కోండి. కరెంటు బిల్లు ఎవరు కడతారు, పంపు కాలిపోతే ఎవరు బాగుచేయిస్తారు అన్నదాని మీద తగవులు హెచ్‌ఓఏ తగవుల కన్నా ఘోరంగా ఉంటాయి. ఒక మాట ఎక్కువ రాస్తున్నాను: దశాబ్దాలుగా భూగర్భ జలాలు తోడేయడంతో క్వీన్ క్రీక్ చుట్టుపక్కల నేల కుంగి పగుళ్లు వచ్చాయి. వాటి మ్యాపులు అరిజోనా జియలాజికల్ సర్వే దగ్గర ఉచితంగా దొరుకుతాయి. మీ పార్సెల్ దగ్గర గీత ఉందేమో చూడండి.

బావమరిదిగారు బయానా ఇచ్చారో లేదో మీరు రాయలేదు. నగర పరిధి బయట ఐదు ముక్కల్లోపు భూమి అమ్మేవాళ్లు రిజిస్ట్రేషన్‌కు కనీసం 7 రోజుల ముందు డిస్‌క్లోజర్ అఫిడవిట్ ఇవ్వాలి. దారి హక్కు ఉందా, రోడ్డు ఎవరు చూసుకుంటారు, నీళ్లెలా వస్తాయి అన్నవి అందులో ఉంటాయి. అది చేతికందాక 5 రోజుల్లో కొనుగోలు రద్దు చేసుకోవచ్చు. బయానా ఇచ్చేసి ఉంటే, ఆ అఫిడవిట్ ఏ తేదీన అందిందో రాత్రికే ఫోన్ చేసి అడగండి.