శ్రీకాకుళం జిల్లాలో ఉప్పు మడులున్న నౌపడ ఉప్పుగాలికి ఇనుప గేటు తుప్పు పడుతుంటే, స్టీలు బిందె ఎందుకు పట్టదు?

బిందె కూడా ఆక్సిజన్‌తో కలుస్తుంది. కాకపోతే ఆ చర్య పైపైనే ఆగిపోతుంది. ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే, దానిమీద 1 నుంచి 3 నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అంటే కొద్ది వరుసల పరమాణువులు, అంతే! క్రోమియం, ఆక్సిజన్ బిగువుగా అల్లుకోవడంతో లోహపు అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) బయటికి రావడం దాదాపు నిలిచిపోతుంది. గీత పడినా పొర వెంటనే మళ్లీ కమ్ముకుంటుంది.

గేటుకు పట్టే తుప్పు మాత్రం నీరు చేరి, గుల్లబారి, పెచ్చులూడే పదార్థం. అది దేన్నీ కాపాడదు. విచిత్రమేమిటంటే, తగిన ద్రావణంలో ఉంచితే వట్టి ఇనుముకూ రక్షక పొర పడుతుంది. 1997లో ఎక్స్-కిరణాలతో దాని నిర్మాణాన్ని తేల్చారు. ఆక్సిజన్ పరమాణువులు స్పినెల్ అనే ఖనిజపు స్ఫటికంలోలాగే పేర్చి ఉన్నాయి. కానీ ఇనుము ఉండాల్సిన స్థానాలు కొన్ని ఖాళీ, మామూలుగా ఖాళీగా ఉండే చోట్ల కొన్ని ఇనుము అయాన్లు! నాకు అన్నిటికంటే నచ్చేది ఈ అస్తవ్యస్తపు అమరికే.

ఉప్పు మడుల పక్కన స్టీలుకూ పూర్తి భరోసా లేదు. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు పొరను అక్కడక్కడా ఛేదించి సన్నని గుంటలు పెడతాయి. గ్రిల్ చేయించేటప్పుడు మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం స్టీలు అడగండి. ధర ఎక్కువే, కానీ మామూలుగా వాడే 304 రకం కన్నా బాగా తట్టుకుంటుంది.